పసుపు బంతి, ఎర్ర కుట్లు

చేతులు రెండు పక్కలకీ చాచి సేఫ్, అవుట్ కాదు, అని అంపైర్ మేవిస్ ప్రిచెట్ అన్న మాట ఇంకా గాల్లో ఉండగానే పడమటి దిక్కున ఉరిమింది. ఉరుము వినబడితే ముప్పై నిమిషాలు ఆట ఆపెయ్యాలి, ఈలోగా మళ్ళీ ఉరిమితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, ఇప్పటికి ఒకసారి వచ్చింది కూడా. అందుకని అరవై నాలుగేళ్ళ మేవిస్ ఇప్పుడు పెకన్ క్రీక్ బడి మైదానం పక్కనున్న సామాన్ల గదిలో, గీతలు గీసే సుద్దపొడి బస్తా మీద కూర్చుని, ఛాతీ కవచం విప్పకుండా, ముఖానికి పెట్టుకునే జాలీ ఒళ్ళో పెట్టుకుని, రేకుల కప్పు మీద వాన చేసే గోల వింటోంది. ఆ గోలలో కూడా ఆవిడ చెవులకి ఇంకో గోలే వినిపిస్తోంది, ఇందాక రెండొందల మంది కలిసి అరిచిన అరుపు. కళ్ళు లేవా నీలంచొక్కా అని ఒకడు, అద్దాలు కొనుక్కో మామ్మా అని ఇంకొకడు, ఆ రెండోవాడి గొంతు ఎవరిదో కూడా తెలుసు, వాడికి చిన్నప్పుడు బడిలో పదేళ్ళు మధ్యాహ్నం అన్నం పెట్టింది తనే. రొట్టె ఇంకోటి వెయ్యమని పళ్ళెం చాచేవాడు. అద్దాలు కొనుక్కోమంటాడా. మేవిస్ పెదాలు కొంచెం వంకర తిరిగాయి, నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆవిడకే తేలలేదు, అద్దాలు వదిలేసి అయిదు నెలలైంది మరి.

జరిగింది ఎంతసేపు, కళ్ళు రెండుసార్లు ఆర్పేంత సేపు. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్, ఏడో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది. సొంతూరు పిల్లలు పెకన్ క్రీక్ మూడు పరుగులు, లోన్ ఎల్మ్ నుంచి వచ్చినవాళ్ళు రెండు. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కరు అవుటైతే ఆట అయిపోతుంది, ఓడినవాళ్ళకి ఈ ఏడాది ఆటే అయిపోతుంది. అప్పుడు లోన్ ఎల్మ్ పిల్ల ఒకతె రెండో బేస్ నుంచి పరుగెత్తుకొచ్చింది, మూడోది తొక్కి ఇంటి దారి పట్టింది, హోమ్ ప్లేట్ తొక్కితే ఒక పరుగు, దూరం నుంచి బంతి విసిరారు, ప్లేటు ముందు పెకన్ క్రీక్ క్యాచర్ రేలిన్ కాబ్ మోకాలు వంచి పట్టుకుంది, గ్లవ్ తిప్పి, జారుతూ వస్తున్న పిల్ల తొడకి తాటించింది. కాలు ప్లేటుకి జానెడు దూరంలో ఉండగా తాటిస్తే అవుట్. ఎర్ర దుమ్ము లేచింది. పదిహేడేళ్ళ రేలిన్ దుమ్ములోంచి లేచి గ్లవ్ పైకెత్తి చూపించింది, లోపల పసుపు బంతి గుడ్డులా కూర్చుంది, అది చూసి జనం లేచి టోపీలు ఎగరేశారు, పెకన్ క్రీక్ పిల్లలు గంతులేస్తూ మైదానం మధ్యకి పరుగెత్తారు. కానీ తాటించడం ఒక్కటే చాలదు, తాటించినప్పుడు బంతి పట్టులో ఉండాలి, తాటించాక కూడా పట్టు నిలవాలి. తాకిన దెబ్బకి బంతి గ్లవ్ నోట్లోంచి బయటికొచ్చింది. ముంజేతి మీద దొర్లింది, మోచేతికీ ఛాతీ కవచానికీ మధ్య ఇరుక్కుంది, రేలిన్ ఒళ్ళంతా ముడుచుకుని దాన్ని అక్కడే నొక్కిపట్టి, ఆ పిల్ల కాలు ప్లేటు మీదికి జారాక, మళ్ళీ గ్లవ్‌లోకి లాక్కుంది. నేలమీద పడలేదు. పడి ఉంటే అందరూ చూసేవాళ్ళు. పడకుండానే పట్టు తప్పింది, ఆ తప్పిన క్షణాన్ని చూడగలిగిన చోట నిలబడ్డది భూమ్మీద ఒక్క మేవిస్ మాత్రమే.

చూశావా మరి, అంటోంది లోపలి గొంతు. చూశాను. నిజంగా చూశావా. ఇందాక పెకన్ క్రీక్ కోచ్ డాబ్స్ టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ వచ్చాడు, మర్యాదస్తుడే, అరవలేదు, ముఖం మాత్రం బీట్‌రూట్ ముక్కలా ఉంది. అవతలాయన్ని అడగండి, ఒక్కసారి అడగండి అన్నాడు. అవతలాయన అంటే బేస్‌ల దగ్గర నిలబడే రెండో అంపైర్ వెండెల్ డీర్. అడిగింది. పరుగెత్తే పిల్ల వీపు నాకు అడ్డమొచ్చింది, నేను చూడలేదు, ఆవిడ చూసిందే లెక్క అన్నాడు వెండెల్. అంతే, మూడు మూడు సమానం, ఉరుము, వాన. ఇప్పుడా వెండెల్ గది అవతలి మూల బేస్ సంచుల మీద కాళ్ళు చాపుకుని, సంచీలోంచి పెకన్ గింజలు తీసి ఒలుచుకుని తింటున్నాడు. ఇవాళ తప్పు చూసి ఉంటే ఈ జాలీ తీసి గోడకి తగిలించేస్తాను అనుకుంది మేవిస్. ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా అనుకుంది. ఇరవై మంది పిల్లలు ఆగస్టు ఎండలో కాగి కాగి తెచ్చుకున్న రోజు ఇది, గెలిచేశామని గంతులు కూడా వేసేశారు, వాళ్ళ గంతుల్ని మధ్యలో ఆపింది తను. ఆపే హక్కు చూసిన కంటికే ఉంటుంది.

కళ్ళు. మార్చిలో కుడిది, మేలో ఎడమది. శుక్లాలు ముదిరిపోయాయి, ఇన్నాళ్ళు కారెలా నడిపారమ్మా అని డాక్టరమ్మ అడిగితే, నెమ్మదిగా నడిపాను అని చెప్పింది. కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి, అల్మారాలకి ఎవరు రంగు వేశారు అని భర్త హోబర్ట్‌ని అడిగింది. ఎవరూ వెయ్యలేదే, అవి ఎప్పుడూ తెలుపే అన్నాడాయన. పదేళ్ళ నుంచి అవి మీగడ రంగు అనుకుంటోంది. నీలం ఇంత నీలంగా ఉంటుందని మర్చిపోయింది, పెరట్లో ఆరేసిన తన అంపైర్ చొక్కా చూసి ఎవరిదో అనుకుంది. హోబర్ట్ ముఖాన్ని దగ్గరగా చూసి, నువ్వెప్పుడింత ముసలాడివయ్యావు అంటే, నువ్వు చూడనప్పుడల్లా అయ్యాను, నీకు చెప్పకుండా అన్నాడు ఆ మహానుభావుడు, నలభై ఏళ్ళుగా ఇదే వరస, సూటిగా ఒక్క జవాబు చెప్పి ఎరగడు. నేలమీద మురికి చూసి సిగ్గుపడి రెండు రోజులు ఇల్లంతా తోమింది. తోముతూ పాడింది. పాడుతూ పాడుతూ బయటికెళ్ళి షెడ్డులోంచి ఒక పాత బంతి తెచ్చి చేతిలో తిప్పి తిప్పి చూసింది. ఆ పసుపు. నిమ్మపండూ కాదు, ఆవపువ్వూ కాదు, కళ్ళలోకి గిచ్చే పసుపు. దాని మీద ఎర్ర కుట్లు, ఒక్కొక్కటీ విడివిడిగా, చీమల బారులా వంపు తిరిగి వెళ్ళిపోతూ. బంతి మీద కుట్లు కనబడతాయని ఎన్నేళ్ళుగానో మర్చిపోయి ఈ పని చేస్తోంది తను. అది తల్చుకుంటే ఇప్పటికీ చెమట్లు పడతాయి. అదే బంతిని ఆకాశంలోకి విసిరి, పడుతుంటే చూసి, మళ్ళీ విసిరి, అట్లా ఎంతసేపు ఆడిందో, పక్కింటావిడ కంచె మీంచి చూసి హోబర్ట్‌కి ఫోన్ చేసింది, మీ ఆవిడ బాగానే ఉందా అని.

బంతి ఎక్కడుంది అనేది ఓపల్. ఓపల్ ట్రాటర్, బడి బస్సు నడిపేది, ఒకప్పుడు తనూ అంపైరే, ఆరడుగుల మనిషి, గొంతులో ఎప్పుడూ కాస్త గరుకు. పదహారేళ్ళ కిందటి మాట. ఒక శుక్రవారం అంపైర్ రాలేదని ఆట రద్దు చేశారు, పిల్లలు జడలు వేసుకుని, బుగ్గల మీద చారలు దిద్దుకుని, బల్ల మీద వరసగా కూర్చుని అలాగే చీకటి పడేదాకా ఉండిపోయారు, బస్సు ఎక్కమంటే ఎక్కలేదు. సోమవారం ఓపల్ తిన్నగా బడి వంటింట్లోకి వచ్చింది. మేవిస్ మోచేతుల దాకా పిండిలో ఉంది. ఈ జిల్లాలో అంపైర్లని అందరికంటే గట్టిగా తిట్టేది నువ్వే, తిట్టడానికి పనికొచ్చే గొంతు చెప్పడానికీ పనికొస్తుంది, రా అంది. అది నిజమే, ఆ రోజుల్లో మేవిస్ జనంలో గట్టు మీద కూర్చుంటే అంపైర్లు వీపు తిప్పి నిలబడేవాళ్ళు. ఆ గొంతుని ఓపల్ కూర్చోబెట్టింది, తిట్టకుండా ఆగడం నేర్పింది. మధ్యాహ్నం పిల్లలు తినేసి వెళ్ళాక, బేకింగ్ పళ్ళాలు పట్టుకునే దళసరి గుడ్డ చేతికి తొడుక్కుని, అందులో మిగిలిన రొట్టె ఉండ ఒకటి పెట్టుకుని, మేవిస్ ఏప్రన్ మీద ఠపీమని తాటించేది. పట్టులో ఉందా, లేదా. ఉంది. చూసి చెప్పు. ఉంది. గుడ్డ తిప్పితే రొట్టె బల్లకింద. నోరు జారావు మేవిస్, కళ్ళింకా బయల్దేరలేదు, నోరు అప్పుడే ఊరు చేరిపోయింది అనేది. రోజుకి ఇరవై రొట్టెలు పాడయ్యేవి, ఓపల్ వాటిని తినేసేది, నలిగినవాటికే రుచి ఎక్కువ అనేది. నెల తర్వాత ఒకరోజు మేవిస్ ఏమీ అనకుండా నిలబడింది. తాటించింది ఓపల్. ఒకటి. రెండు. బంతి చూపించు అంది మేవిస్. ఓపల్ గుడ్డ విప్పి, అరచేతిలో నలగని రొట్టె ఉండ చూపించి, ఆ పెద్ద ముఖమంతా నవ్వయి, అదీ, ఇప్పుడు నువ్వు అంపైర్‌వి అంది. ఆ రొట్టె ఇద్దరూ సగం సగం తిన్నారు. ఎన్నో పెళ్ళి భోజనాలు తిన్నది కానీ అంత కమ్మగా ఏదీ గుర్తులేదు. ఓపల్ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది, ఫోన్ చేస్తే ఎలా ఉన్నావని అడగదు, ఇవాళ ఎన్నిసార్లు ఆగావు అని అడుగుతుంది.

మళ్ళీ ఉరిమింది, ఈసారి దూరంగా, బరువైన బల్ల ఎవరో పక్కింట్లో జరుపుతున్నట్టు. వెండెల్ చేతి గడియారం చూసి, మళ్ళీ ముప్పై అన్నాడు, గింజలు అరచేతిలో పోసి ఆవిడ వైపు చాచాడు. తీసుకుంది. తీసుకున్నాక నోట్లో వేసుకోలేకపోయింది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే అది పైకి వచ్చింది, ఏడాదిగా లోపల అడుగున అంటించి పెట్టుకున్నది. నిరుడు సెప్టెంబరు, ఇలాంటిదే ఆట, ఇలాంటిదే హోమ్ ప్లేట్ దగ్గర తాకుడు, సాయంకాలపు ఎండ కంట్లో పడి శుక్లం మీద పగిలి లోకమంతా తేనె పూసినట్టైపోయింది. బంతి కనబడలేదు. అసలు కనబడలేదు. గ్లవ్‌లో పడ్డ చప్పుడు విన్నది, గ్లవ్ కాలికి తగిలిన చప్పుడు విన్నది, ఆ పరుగు పిల్ల ఉసూరుమని వదిలిన ఊపిరి విన్నది. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని, అవుట్ అంది. అది సరైనదే. మర్నాడు పత్రికలో ఫోటో వేశారు, గ్లవ్‌లో బంతి నిక్షేపంలా ఉంది. ఎక్కడికెళ్ళినా మెచ్చుకున్నారు, కొత్త అంపైర్ల శిక్షణలో వెండెల్ ఆ ఫోటో గోడ మీద వేసి, చూశారా మేవిస్ ఎలా ఆగిందో, ఎలా చూసిందో అని చెప్పాడు. ఆవిడ వెనక వరసలో కూర్చుని కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. దొంగ సొమ్ము దండగా మెళ్ళో వేసుకున్నట్టు అనిపించింది, ఎవరూ దొంగా అనరు, అందరూ దండ బాగుందంటారు.

వెండెల్‌కి తనవాళ్ళ అలవాటు, మస్కోగీ అనే ఆదివాసీ తెగ మనుషులు పెద్దవయసు ఆడవాళ్ళెవరినైనా అత్తా అనేస్తారు. పదహారేళ్ళుగా ఆవిణ్ణి అలాగే పిలుస్తున్నాడు, ఆటపట్టించడానికి సగం, నిజంగానే సగం.

"వెండెల్, నీకొకటి చెప్పాలి. నిరుటి ఆ అవుట్ ఉంది చూడు, నువ్వు అందరికీ చూపిస్తావే, అది నేను చూళ్ళేదు. చప్పుడు విని చెప్పేశాను."

ఆయన గింజ ఒలవడం ఆపలేదు. "తెలుసు అత్తా."

"ఏం తెలుసు?"

"బంతి ఎడమ పక్కనుంచి వచ్చింది. నీ తల కుడి పక్కకుంది. నేను బేస్ దగ్గర నిలబడి నిన్నే చూస్తున్నా. ఈవిడ దుమ్ముని చూస్తోందిరా బాబూ అనుకున్నా."

ఇంతకాలం ఎందుకు ఊరుకున్నావని ఆవిడ అడిగింది. ఊరుకోలేదన్నాడు వెండెల్. ఆ మర్నాడు నీ కారు అద్దానికి వైపర్ కింద కళ్ళ డాక్టరు చిరునామా చీటీ పెట్టిందెవరనుకుంటున్నావు అన్నాడు. ఆ చీటీ వెనక, ప్రేమతో మీ అభిమాని అని రాసి ఉంది. ఓడిన పిల్లల తండ్రెవడో వెక్కిరించడానికి పెట్టాడనుకుని, ఆవిడ మూడు నెలలు దాన్ని ఫ్రిజ్ మీద అంటించి రోజూ తిట్టుకుంది, ఆ తిట్టు కడుపులో పెట్టుకునే, వాడి ముఖాన కొట్టినట్టు చూసి చూపిస్తానని పంతం పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నువ్వా, అంది. నేనే, అన్నాడు. నేరుగా చెప్తే నువ్వు వెళ్ళేదానివా అత్తా, నీకు కోపం వస్తేనే కదా కాళ్ళు కదిలేది అన్నాడు. ఇక మేవిస్‌కి ఆగలేదు, సుద్దపొడి బస్తా మీద కూర్చుని, కవచం ఎగిరెగిరి పడేలా నవ్వింది, నవ్వుతుంటే బస్తాలోంచి తెల్లపొడి లేచి ఇద్దరి మీదా పడింది, వెండెల్ కనుబొమలు తెల్లబడ్డాయి, అది చూసి ఇంకా నవ్వింది. నవ్వు తగ్గాక, చూడని దాన్ని పట్టుకుని అందరికీ పాఠం ఎందుకు చెప్పావు మరి అని అడిగింది.

"నువ్వు ఆగావు కాబట్టి. చూళ్ళేదు గానీ ఆగావు కదా. ఈ కొత్తవాళ్ళకి ఆగడం నేర్పితే చాలు. కళ్ళు దేవుడిస్తాడు, లేకపోతే డాక్టరిస్తాడు." ఇంకో గింజ చిట్లించి, మామూలు గొంతుతో అడిగాడు. "ఇవాళ్టిది చూశావా?"

చూశావా. వాన రేకుల మీద పలచబడింది. మేవిస్ కళ్ళు మూసుకుంది, మూసుకున్నా అది అక్కడే ఉంది, ఎంత కావాలంటే అంత నెమ్మదిగా. గ్లవ్ తొడకి తగలడం, గ్లవ్ నోరు తెరుచుకోవడం, పసుపు బంతి తొక్కలోంచి బఠాణీ జారినట్టు బయటికి రావడం. ముంజేతి మీద అది ఒకటిన్నర చుట్టు తిరిగింది. ఎందుకు తెలుసంటే కుట్లు తిరిగాయి. ఎర్ర వంపు పైకొచ్చింది, కిందికెళ్ళింది, మళ్ళీ పైకొచ్చి మోచేతి దగ్గర ఆగింది. పట్టులో ఉన్న బంతికి కుట్లు తిరగవు. ఇది ఎవరూ నేర్పలేదు, ఓపల్ రొట్టెలకి కుట్లుండవు, ఇది తన కొత్త కళ్ళు తమంతట తాము తెచ్చిచ్చినది. అవి తిరిగాయి వెండెల్ అంది. ఏవి అన్నాడాయన. కుట్లు. ఆయన తలూపి, చేతిలో మిగిలిన గింజలన్నీ ఆవిడ ఒళ్ళోని జాలీలో పోశాడు, అదే సంతకం పెట్టినట్టు. మేవిస్ ఒక్కొక్కటే తీసి నమిలింది. తియ్యగా, కాస్త వగరుగా. తనలో తను నవ్వుకుంది, చూడకుండా చెప్పినదానికి లోకం చప్పట్లు కొట్టింది, చూసి చెప్పినదానికి రెండొందల మంది తిట్టారు, ఈ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయి. స్నానం చేసినట్టున్నాయి. గది తలుపులోంచి చూస్తే మైదానం మీద ఎర్రనీళ్ళు పాయలు పాయలుగా పారుతున్నాయి, అవతల బస్సుల్లో రెండు బళ్ళ పిల్లలూ సీట్లు వాయిస్తూ పోటీపడి పాడుతున్నారు, ఒక బస్సు ఆగితే ఇంకోటి అందుకుంటోంది. గడ్డి ఎంత పచ్చగా ఉంది. ఆ పచ్చదనం కూడా ఈ ఏడాదే కొత్తగా మొలిచినట్టుంది.

నాలుగున్నరకి ఎండ వచ్చింది. రంపపు పొట్టూ పొడిమట్టీ పోసి బేస్‌ల చుట్టూ తడి అద్దారు. బురదలో పాదాలు పచపచమంటుండగా మేవిస్ ప్లేటు వెనక వంగి నిలబడింది, ముందు రేలిన్ గొంతుక్కూచుంది, తడి జడ వీపు మీద అతుక్కుని. గట్టు మీంచి మళ్ళీ మొదలెట్టారు, అద్దాలు తుడుచుకో మామ్మా అని. రెండు బంతుల మధ్య రేలిన్ తల తిప్పకుండానే, పెదాలు కదిలీ కదలనట్టు, "మేడమ్, ఇందాకటి బంతి" అని మొదలెట్టింది.

"నాకు చెప్పక్కర్లేదమ్మా," అంది మేవిస్. "నేను చూశాను."

ఆ పిల్ల భుజాలు కిందికి దిగాయి. ఏదో మూట ఎవరో అందుకున్నట్టు. లోన్ ఎల్మ్ పిల్ల తర్వాతి బంతిని ఆకాశంలోకి కొట్టింది, అది దిగివచ్చి ఎవరి గ్లవ్‌లోనో పడింది, మూడు మూడు అలాగే ఉండిపోయింది, పెకన్ క్రీక్ వంతు వచ్చింది.

రేలిన్ గట్టిగా కొట్టి రెండో బేస్‌కి చేరింది, ఇంకో పిల్ల తను అవుటవుతూనే ఆమెని మూడో బేస్‌కి జరిపింది. తర్వాతి పిల్ల కొట్టిన బంతి నేలమీద దొర్లింది, రేలిన్ ఇంటి దారి పట్టింది. చేరితే గెలుపు. ఈసారి మేవిస్ ముందే కదిలింది, ఎడమకి రెండడుగులు, తడిలో జారకుండా, గ్లవ్ నోరు కనబడే చోటికి. లోన్ ఎల్మ్ క్యాచర్ బంతి అందుకుంది, తిరిగింది, బురదలో పడవలా జారుకుంటూ వస్తున్న రేలిన్ నడుముకి తాటించింది. కుట్లు కదల్లేదు. గ్లవ్ అడుగున బంతి మేకు కొట్టినట్టుంది. ఒకటి. ఆ క్యాచర్ లేచింది, మొదటి బేస్‌కి విసిరి ఇంకొకర్ని కూడా అవుట్ చేద్దామని చెయ్యి గ్లవ్‌లో పెట్టి బంతి పైకి లాగింది. రెండు. తడి వేళ్ళలోంచి బంతి జారి, ప్లేటు పక్కన బురదలో టప్పున పడి, అందరికీ కనబడేలా, పసుపుపచ్చగా కూర్చుంది.

బంతి కింద పడింది అని రెండొందల గొంతులు ఒక్కటైపోయాయి. ఇందాక గ్లవ్‌లో ఉంటే లేదన్నావు, ఇప్పుడు నేలమీద ఉంటే ఏమంటావు. మేవిస్ ఆగింది. బంతిని కాదు, ఆ చేతిని మళ్ళీ లోపల చూసుకుంది, వెళ్ళి, పట్టుకుని, లాగిన చేతిని. తాకిన దెబ్బకి జారలేదు, తాను కావాలని తీస్తే జారింది, పట్టు అప్పటికే పూర్తయింది. పిడికిలి బిగించి, పదహారేళ్ళ కిందట జిల్లా మొత్తానికి వినబడ్డ ఆ గొంతుతో, అవుట్ అంది. కోచ్ డాబ్స్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చేస్తున్నాడు, ఈసారి మర్యాద కొంచెం పక్కన పెట్టే వస్తున్నాడు, గట్టు మీద ఇనప బల్లలు తొక్కుతున్నారు. బురదలో వెల్లకిలా పడి ఉన్న రేలిన్ మోచేతుల మీద లేచింది. ముఖం మీద ఎర్రమట్టి, మట్టిలో పళ్ళు తెల్లగా.

"కోచ్, వెనక్కెళ్ళండి. నేను అవుటే. గట్టిగా పట్టుకునే తగిలించింది, డొక్కలో ఇంకా నొప్పిగా ఉంది. తర్వాత కదా జారింది."

డాబ్స్ ఆగిపోయాడు. ఆ పిల్లని చూశాడు, మేవిస్‌ని చూశాడు, టోపీ నెత్తిన పెట్టుకున్నాడు, పెట్టుకుని దాని అంచు రెండు వేళ్ళతో ఒకసారి ముట్టుకుని వెనక్కి తిరిగాడు. రేలిన్ లేచి, తనని తాటించిన అమ్మాయి కవచం మీద బురద చేత్తో తట్టింది, ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఒళ్ళంతా మట్టికొట్టుకుపోయి, గెలుపోటముల అంచున నిలబడి, ఈ పిల్లలు అలా ఎలా నవ్వుతారో, ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారో. మేవిస్ జాలీ సర్దుకుంది. జాలీ ఉండడం ఎంత మంచిదో, లోపల ముఖం ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి పిల్ల అవుటైంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లోన్ ఎల్మ్‌కి ఏమీ రాలేదు. పెకన్ క్రీక్ వంతులో పద్నాలుగో నంబరు చొక్కా తొడుక్కున్న చిన్న పిల్ల వచ్చింది, పళ్ళకి తీగలు, హెల్మెట్ చెవుల మీదికి జారిపోతూ, ఈ ఏడాది మొత్తం గట్టిగా పది సార్లు కొట్టి ఉండదు. బంతి వచ్చింది, ఆ పిల్ల కళ్ళు మూసుకుందేమో కూడా, బ్యాటు తిరిగింది, ఒక శుభ్రమైన చప్పుడు. బంతి లేచింది. కంచె దాటి, కంచె అవతలి మక్కచేను దాకా, తడి ఆకాశం మీద పసుపు చుక్కై వెళ్ళిపోయింది. తాకుడు లేదు, పట్టు లేదు, ఆగడం లేదు, బేస్‌లన్నీ తొక్కి ఇంటికొస్తే చాలు పరుగూ గెలుపూ, అంపైర్‌ని ఎవరూ ఏమీ అడగక్కర్లేని బంతి. మైదానం పగిలిపోయింది, గట్టు మీద మనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు, అద్దాలు కొనుక్కోమన్నవాడు పక్కవాణ్ణి ఎత్తుకుని తిప్పుతున్నాడు, పెకన్ క్రీక్ పిల్లలంతా అరుచుకుంటూ హోమ్ ప్లేట్ చుట్టూ గుంపు కట్టారు. లోన్ ఎల్మ్ క్యాచర్ జాలీ తీసి, కళ్ళు తుడుచుకుని, నడిచి వెళ్ళిపోయింది, వెళ్తూ దారిలో రేలిన్ భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చిన్న పిల్ల మొదటి బేస్ దాటింది, రెండోదాని దగ్గర నోరు పట్టనంత నవ్వు. కానీ ప్లేటు కనబడట్లేదు, ఎర్ర బురద కప్పేసింది. ఆ పిల్ల పాదం దాన్ని తాకాలి, తాకడం ఎవరో ఒకరు చూడాలి, ఈ గోలలో అది ఎవరికీ పట్టదు, పట్టాల్సింది ఒక్కరికే. మేవిస్ వెనక జేబులోంచి బ్రష్ తీసి, పిల్లల మధ్యకి దూరింది, మోకాళ్ళు టకటకమంటుంటే వంగింది. జరగండమ్మా, జరగండి, కాస్త చోటివ్వండి అంది. గంతులేస్తున్న బూట్ల మధ్య, ముఖానికి బురద చిమ్ముతుంటే, తడిమట్టిని ఇటు ఒకసారి అటు ఒకసారి గీకింది. కింద అయిదు మూలల తెల్లటి ప్లేటు బయటపడింది. ఎంత తెలుపు. పిల్లలు దారిచ్చారు. పద్నాలుగో నంబరు మూడో బేస్ తొక్కి, చేతులు గాల్లోకెత్తి, పరుగు మర్చిపోయి గెంతుతూ వస్తోంది, అందరూ ఆ పిల్ల ముఖమే చూస్తున్నారు. మేవిస్ ఒక్కతే కిందికి చూస్తోంది, వంగి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, చెవులు దిబ్బళ్ళు పడే సంతోషం మధ్యలో, ఊపిరి బిగబట్టి. బూటు వచ్చింది. లేస్ ఒకటి ఊడి ఉంది. బొటనవేలి దగ్గర చిరుగు. అది తెల్లటి దాని మధ్యలో నిండుగా ఆనింది.

చూసింది.